ముక్కు గీయని కాగితం

చుట్లక్క ఎడమచేతి బొటనవేలు రాగితీగను గొట్టం మీద అదిమి పట్టుకుంది. కుడిచేతిలోని చెక్కసుత్తి, నిద్రపోతున్న పసిపిల్ల వీపు తట్టినట్టు, దాన్ని మెల్లగా తడుతోంది. తీగ గుండ్రటిది కాదు, చదునుది. చిటికెనవేలి గోరంత వెడల్పు ఉంటుంది. గొట్టానికి అంటించిన పల్చటి కాగితం మీద నల్లగీత ఎటు వంగితే తీగ అటు వంగాలి. గీత తిన్నగా పోయినంతసేపూ ఎవరైనా చుట్టగలరు. మలుపు దగ్గరే పనితనం బయటపడుతుంది. మలుపులో తీగ బయటి అంచు సాగుతుంది, లోపలి అంచు ముడత పడుతుంది. ఆ ముడత పడనివ్వకుండా వేలితో నొక్కుతూ, సుత్తితో బుజ్జగిస్తూ తీగను తిప్పాలి. ఆ విద్య చుట్లక్కకు వచ్చినట్టు ఆ వర్క్‌షాపులో ఇంకెవరికీ రాలేదు.

తీగ మలుపు తిరిగింది. ఆమె బిగబట్టిన ఊపిరి వదిలి, గాజునార పట్టీతో తీగను గొట్టానికి కట్టి, "ఊఁ, ఇక కదలకు" అంది తీగతో.

"అది కదలదులే గానీ, నువ్వు కాస్త కదులు అమ్మాయ్. టీ చల్లారిపోతోంది" అన్నాడు మీటరు బాబాయి. చుట్టిన ప్రతి కాయిల్‌కీ మీటరు పెట్టి, ఎక్కడైనా తీగకు తీగ తగులుతోందా అని చూడటం ఆయన పని. మెడలో మీటరు లేకుండా ఆయన్ని చూసినవాళ్లు లేరు.

"ఇంకొక్క మలుపు బాబాయ్."

"పొద్దున్నించీ ఆ ఒక్క మలుపే తిరుగుతున్నావు."

అసలు పేరు పెట్టి ఎవరైనా పిలిస్తే చుట్లక్క వెనక్కి తిరిగి, ఎవర్నా అని చూస్తుంది. అంతగా అతుక్కుపోయింది ఆ పేరు. ఆమె తండ్రికి చిన్న రిపేరు కొట్టు ఉండేది. కాలిపోయిన ఫ్యాన్లు, నీళ్ల మోటార్లు వచ్చేవి. చిన్నప్పుడు ఆమె ఆటబొమ్మలన్నీ ఆ మోటార్లలోంచి ఊడబీకిన నల్లబడ్డ తీగలే. ఎలా చుట్టాలో తండ్రి ఒకసారి చూపించాడు, మిగతాదంతా కాలిన మోటార్లే నేర్పాయి. పుస్తకంలో చదివింది లేదు. ఎవరైనా చెప్పబోతే చేతులు కట్టుకుని వింటుంది. తర్వాత, "ఏదీ, చేసి చూపించండి" అంటుంది. ఆ ఒక్క మాటకు చాలామంది పక్క గదిలో పని గుర్తొచ్చి వెళ్లిపోయేవాళ్లు.

ఇప్పుడు ఆమె చుట్టేవి మోటార్లు కావు. ఎమ్మారై స్కానింగు యంత్రంలో పెద్ద అయస్కాంతానికి లోపల ఒక గొట్టం ఉంటుంది. ఆ గొట్టం గోడలో, కంటికి కనబడకుండా, మూడు పొరల రాగిచుట్లు ఉంటాయి. ఒంట్లో ఏ చోటి నుంచి ఏ సంకేతం వస్తోందో యంత్రానికి తెలిసేది వాటి వల్లే. వాటిలో కరెంటు కన్ను మూసి తెరిచేలోగా ఎన్నోసార్లు అటూ ఇటూ మారుతుంది. స్కానింగుకు వెళ్లొచ్చినవాళ్లు "లోపల ఒకటే దడదడ" అంటారే, ఆ దడదడ ఈ చుట్లదే.

ఆ వర్క్‌షాపులో ఒక ఆచారం ఉంది. చుట్టిన గొట్టానికి రెసిన్ అనే జిగురు పోసి, అది రాయిలా గట్టిపడ్డాక, అయస్కాంతంలోకి పంపకముందే బల్ల మీద పెట్టి కరెంటు ఇచ్చి చూస్తారు. అప్పుడు అందులో మొట్టమొదట పడుకోవాల్సింది చుట్టిన మనిషే. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలీదు. వంట చేసినవాళ్లే మొదటి ముద్ద తినాలన్నట్టు, అది అలా సాగుతోంది.

దీనికి ముందు చుట్టిన గొట్టం చుట్లక్క చేతిలోంచి వచ్చినవాటిలోకెల్లా అందమైనది. చుట్టుకీ చుట్టుకీ మధ్య ఎడం ఎక్కడ చూసినా దువ్వెన పళ్లలా ఒక్క తీరుగా ఉండేది. పై గదుల్లో పనిచేసేవాళ్లు కూడా కిందికి దిగి వచ్చి చూసి వెళ్లారు. తీరా ఆమె అందులో పడుకుని కరెంటు పెంచమంటే, సగానికి రాగానే కుడి భుజం దానంతటది ఎగిరింది. ఇంకాస్త పెంచితే ముక్కు దూలం మీద చీమలు పాకాయి. "ఎవరో గిల్లుతున్నారు!" అని లోపల్నుంచి కేక పెట్టింది. చుట్లక్కకు కితకితలు ఎక్కువ. మిగతావాళ్లకు కాస్త ఆలస్యంగా తగిలింది, అంతే తేడా. మెల్లగా నడిపితే ఏ ఇబ్బందీ లేదని తేల్చి, దాన్ని ఆస్పత్రికి పంపారు.

ఆ ఆస్పత్రిలో స్కానింగు యంత్రం నడిపేది ఎవరో కాదు, చుట్లక్క ఆడపడుచే. అక్కడితో చుట్లక్క తన సుఖానికి నీళ్లొదులుకుంది.

"వదినా, ఇవాళ కూడా నీ గొట్టం ఒకాయన్ని గిల్లింది" అంటూ ఆడపడుచు సెలవు రోజున గుమ్మంలోనే మొదలుపెట్టేది.

"మెల్లగా నడపమన్నాం కదా?"

"మెల్లగానే నడుపుతున్నా. ఎంత మెల్లగానంటే, లోపలికి వెళ్లినవాడు బయటికొచ్చేసరికి గడ్డం పెరుగుతోంది. రేసు గుర్రాన్ని ఇచ్చి, కళ్లెం వదలొద్దంటే ఎలా? అన్నయ్యా, నువ్వు చెప్పు. నువ్వు కుట్టిన చొక్కా గుచ్చుకుంటే తప్పెవరిది?"

చుట్లక్క భర్త దర్జీ. కత్తెర దించకుండానే, "తొడుక్కున్నవాడిది" అన్నాడు.

"చూశావా, పెళ్లాన్ని వెనకేసుకురావడం!"

"వెనకేసుకురాకపోతే రాత్రికి అన్నం ఎవరు పెడతారే?"

"రోజూ వండేది మీరే కదండీ" అంది చుట్లక్క. ముగ్గురూ నవ్వుకున్నారు.

నవ్వుకున్నా, ఆ కళ్లెం మాట చుట్లక్క గుండెల్లో ముల్లులా ఉండిపోయింది. తన చేతిపనుల్లోకెల్లా మంచిది కుంటుతూ నడుస్తోంది. మనిషి హాయిగా పడుకుని ఉండగా, పూర్తి వేగంతో పరుగెత్తే గొట్టం ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, తన చేతులమీదుగా పోవాలి. ఆమె కోరికల్లా అదే.

అదే ఆస్పత్రి తలకూ మెడకూ వాడే కొత్త గొట్టం కావాలని అడిగింది. గీతల సారు కొత్త నమూనా గీసి తెచ్చాడు. ఏ తీగ ఎక్కడ పోవాలో లెక్కకట్టి గీయడం ఆయన పని. గడకర్ర లాంటి మనిషి. మాట్లాడే ముందు ఒకసారి పైకప్పు చూస్తాడు. ఆయన కాగితం పరిచాడో లేదో చుట్లక్క ముక్కున వేలేసుకుంది.

"ఏమిటి సారూ ఇది? కోడి గెలికినట్టుంది!"

నిజంగా అలాగే ఉంది. ఒకచోట చుట్లు సంతలో జనంలా గుంపుగా ఉన్నాయి. ఇంకోచోట సెలవు రోజు ఆఫీసులా బోసిగా ఉన్నాయి. భుజాల వైపు అంచులో కొన్ని చిన్న చుట్లు అసలు వెనక్కే తిరుగుతున్నాయి.

"ఇవి ఉల్టాగా పోతున్నాయి. పొరపాటా?"

గీతల సారు పైకప్పు చూశాడు. "అవే మందు అక్కా. తీగలో కరెంటు మారినప్పుడల్లా చుట్టూ అయస్కాంత బలం మారుతుంది. అది మారితే ఒంట్లో కూడా చిన్నచిన్న కరెంటు సుడులు లేస్తాయి. ఒళ్లంటే ఉప్పునీళ్ల సంచే కదా. ఆ సుడి ఒక నరానికి గట్టిగా తగిలితే నరం ఉలిక్కిపడుతుంది. మీ భుజం ఎగిరింది అందుకే."

"మరి పాత దానిలో చుట్లు ఎంత చక్కగా ఉన్నాయి!"

"చక్కగా ఉండాలనే నేనూ పట్టుబట్టాను. బలం గొట్టం అంచుల దాకా తిన్నగా పెరుగుతూ పోవాలని గీశాను. అలా పోయిపోయి భుజాల దగ్గరికొచ్చేసరికి అది మరీ ఎక్కువైపోయింది. ఈసారి అంచుల్లో కాస్త వంకర పోనిచ్చాను. ఈ వెనక్కి తిరిగే చుట్లు భుజాల దగ్గర సుడిని అణుస్తాయి. ముఖం మీద చుట్లు పల్చగా వేసి, మెడ వెనక్కి తోశాను."

"అంచుల్లో వంకర పోతే స్కానింగు బొమ్మ పాడవదూ?"

"పాడవుతుంది. కానీ ఎంత వంకరో నాకు తెలుసు కాబట్టి కంప్యూటరు సరిదిద్దుతుంది. ఉలిక్కిపడ్డ నరాన్ని ఏ కంప్యూటరూ సరిదిద్దలేదు."

చుట్లక్క కాగితాన్ని చాలాసేపు చూసింది. కంటికి నచ్చలేదు. ఆ చివరి మాట మాత్రం నచ్చింది. "సరే, గీసింది మీరు. చుట్టేది నేను" అని కాగితం చేతిలోకి తీసుకుంది.

అలా మొదలైందే ఈ పని. మూడు పొరల్లో మొదటిది, కష్టమైనది ఇదే. చుట్టినన్నాళ్లూ ఆమెకు తన చేతులతోనే పోట్లాట. రెండు తీగల మధ్య ఎడం ఎక్కువ కనబడితే చాలు, వేళ్లు వాటంతటవే దగ్గరికి సర్దబోయేవి. "మీ పెత్తనం వద్దు, గీత చెప్పినట్టు వినండి" అని వేళ్లను కసురుకునేది. వెనక్కి తిరిగే చిన్న చుట్లు మరీ మొండివి. తీగ ఒకసారి వంగిందంటే బిర్రబిగుసుకుపోతుంది. దాన్ని విప్పి మళ్లీ వాడుకోవడం కుదరదు. ఈ కొలత తీగ తెప్పించాలంటే నెలలు పడుతుంది. కొత్త గొట్టం కోసం ఆస్పత్రివాళ్లు అన్ని నెలలు ఆగరు. అందుకే ప్రతి మలుపూ ఒక్కసారికే కుదరాలి.

కుదిరింది. చివరి చుట్టు కట్టి, రెండు కొసలూ కుట్టుగీత దగ్గర బయటికి తీసి, చుట్లక్క చేతులు దులుపుకుంది. కాగితం రెండంచులూ గొట్టం మీద కలిసే గీతను వాళ్లు కుట్టుగీత అంటారు. కొసలు బయటికొచ్చేది ఎప్పుడూ అక్కడే, ఎడమ చెవి పక్కన.

పై పొర వేయకముందు గొట్టంలో దూరి చూడటం ఆమె పద్ధతి. గొట్టం గాజునారతో చేసింది. బయట దీపం పట్టుకుంటే లోపలికి తేనెరంగులో వెలుగు వస్తుంది. ఆ వెలుగులో తీగలన్నీ నల్లటి నీడల్లా కనబడతాయి. ఎక్కడ తీగ పక్కకు జరిగిందో, ఎక్కడ పట్టీ కింద నలిగిందో బయటికంటే లోపల్నుంచే బాగా తెలుస్తుంది. ఈసారి ఆమెకు ముచ్చటేసి, "సారూ, ఈసారి గీసినవాళ్లే ముందు చూడాలి. దూరండి" అంది.

గీతల సారు వెల్లకిలా పడుకుని ఛాతీ దాకా లోపలికి జరిగాడు. పొడుగు కాళ్లు బల్ల దాటి గాల్లో వేలాడుతున్నాయి. మీటరు బాబాయి దీపం పట్టుకుని చుట్టూ తిరిగాడు.

"ఎలా ఉంది సారూ? రాజభవనంలా ఉందా?"

వేలాడుతున్న కాళ్లు కదలడం మానేశాయి.

"నిద్రపోయినట్టున్నాడమ్మాయ్" అన్నాడు బాబాయి.

అప్పుడు లోపల్నుంచి చిన్న గొంతు వినిపించింది. "అక్కా... నా ముక్కు మీద ఇంత గుంపేమిటి?"

"గుంపా?"

"ముఖం మీద పల్చగా ఉండాలి. గుంపు మెడ వెనక ఉండాలి. ఇక్కడ తలకిందులుగా ఉంది."

చుట్లక్క గొట్టం అంచు పట్టుకుని లోపలికి తొంగి చూసింది. "మీ కాగితం ఎలా ఉందో అలాగే చుట్టాను. ఒక్క వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ పోలేదు!"

గీతల సారు తల గొట్టానికి కొట్టుకుంటూ బయటికొచ్చాడు. ఇంకో ప్రతి తెచ్చి బల్ల మీద పరిచారు. ఇద్దరూ వంగి చూశారు. గొట్టం చూశారు, కాగితం చూశారు. రెండూ ఒకటే. మళ్లీ ఆయన కాగితాన్ని దీపానికి ఎత్తి పట్టుకున్నాడు. దీపానికి అటుపక్క నుంచి చుట్లక్క, ఇటుపక్క నుంచి ఆయన ఒకే కాగితాన్ని చూశారు. అప్పుడు ఇద్దరి ముఖాలూ ఒకేసారి పాలిపోయాయి.

"నేను లోపల పడుకున్న మనిషి కంటితో గీశాను" అన్నాడాయన.

"నేను బయట నిలబడ్డ మనిషి కంటితో చుట్టాను" అంది ఆమె.

కాగితం చుట్టేటప్పుడు అచ్చు పైకి ఉండేలా చుట్టడం ఆమె అలవాటు. గీత కనబడకపోతే చుట్టేదెలా? ఆయన అలవాటు లోపల్నుంచి చూడటం. ఆయన లెక్కలన్నీ పడుకున్న మనిషి చుట్టూనే తిరుగుతాయి కదా. ఇన్నేళ్లుగా ఇద్దరూ చెరోవైపు నిలబడే పనిచేస్తున్నారు. ఇప్పటిదాకా గీసిన చుట్లన్నీ పైనా కిందా ఒక్క తీరుగా ఉండేవి కాబట్టి, ఏ వైపు నుంచి చూసినా తేడా తెలియలేదు. మొట్టమొదటిసారి ముఖానికొక రకం, మెడకొక రకం గీస్తే అప్పుడు బయటపడింది.

"లోపల్నుంచి గీశానని చెప్పొద్దూ సారూ?"

"బయట్నుంచి చుడుతున్నానని మీరు చెప్పొద్దూ అక్కా?"

"నేనెందుకు చెబుతాను? గొట్టం లోపల కూర్చుని ఎవరైనా చుడతారా?"

"నేను మాత్రం బయట్నుంచి ఎందుకు చూస్తాను? గొట్టం బయట ఎవరైనా పడుకుంటారా?"

మీటరు బాబాయి దీపం ఆర్పి, కుర్చీలో కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వడం మొదలుపెట్టాడు. "ఇన్నేళ్ల కాపురం! పెళ్లికొడుకు గుమ్మం లోపలా, పెళ్లికూతురు గుమ్మం బయటా!" ఆ నవ్వు చూసి ఇద్దరికీ ఒళ్లు మండింది. కానీ ఎక్కువసేపు మండలేదు. నవ్వు వచ్చేసింది. నవ్వాక మళ్లీ గొట్టం వైపు చూసేసరికి ముగ్గురూ చప్పబడిపోయారు. విప్పితే తీగ పనికిరాదు. ఉన్న తీగ మిగతా రెండు పొరలకే సరిపోతుంది.

సాయంత్రం ఇంటికి వచ్చిన భార్య ముఖం చూసి దర్జీ మిషను ఆపాడు. విషయం విన్నాడు.

"అంటే రెండూ ఎడమ చేతులే కుట్టేశావన్నమాట."

"ఎగతాళి చెయ్యకండి."

"ఎగతాళి కాదే. నేనెన్నిసార్లు చేశానో! గుడ్డ మడత పెట్టకుండా కత్తిరిస్తే రెండూ ఎడమ చేతులే వస్తాయి."

"వస్తే ఏం చేస్తారు?"

"మంచి వైపూ చెడ్డ వైపూ ఉన్న గుడ్డయితే తల పట్టుకుంటాను. రెండువైపులా ఒక్కలా ఉండే గుడ్డయితే ఒకదాన్ని తిరగేస్తాను. అది కుడిచెయ్యి అయిపోతుంది. తొడుక్కున్నవాడికి కూడా తెలీదు."

చుట్లక్క చేతిలోని గ్లాసు సగంలో ఆగిపోయింది. గొట్టాన్ని తిరగేయడం కుదరదు. కానీ ఆమె మనసులో గొట్టం మెల్లగా బల్ల మీద దొర్లడం మొదలుపెట్టింది.

"ఏమండీ, మనిషికి ఎడమవైపూ కుడివైపూ ఒక్కటేనా?"

"దర్జీని అడుగుతున్నావా? ఏ మనిషికీ రెండు భుజాలూ ఒక్కలా ఉండవు. కానీ ఒక్కలా ఉన్నాయనుకునే కుడతాం."

పొద్దున్నే ఆమె వర్క్‌షాపుకు పరుగు పరుగున వెళ్లేసరికి గీతల సారు అప్పటికే అక్కడున్నాడు. చేతిలో చుట్టగా చుట్టిన కాగితం ఉంది. దాని లోపల పెన్సిలుతో రెండు కళ్లు, ఒక ముక్కు గీసి ఉన్నాయి. ఆయన ఆ చుట్టను బల్ల మీద అటూ ఇటూ దొర్లిస్తున్నాడు.

"సారూ, మీ గీతల్లో ఎడమా కుడీ..."

"ఒకటే అక్కా! ముందూ వెనకే వేరు!"

"అయితే దొర్లిస్తే..."

"సగం చుట్టు దొర్లిస్తే గుంపు మెడ కిందికి పోతుంది! కరెంటు కొసలు అటుది ఇటు, ఇటుది అటు మార్చుకుంటే సరి!"

ఇద్దరూ ఒకరి మాట ఒకరు లాక్కుంటూ మాట్లాడుతుంటే, అప్పుడే వచ్చిన మీటరు బాబాయి గుమ్మంలోనే ఆగిపోయి, "నిన్నటి పోట్లాటే నయం, అర్థమైంది" అన్నాడు.

ముగ్గురూ కలిసి గొట్టాన్ని ఎత్తి సగం చుట్టు దొర్లించారు. చుట్లక్క దూరి పడుకుంది. ముఖం మీద పల్చటి నీడలు, మెడ కింద గుంపు. ఆకాశం మబ్బు విడిచినట్టుంది.

ఒక్క చిక్కు మిగిలింది. దొర్లించడంతో తీగ కొసలు ఎడమ చెవి నుంచి కుడి చెవి దగ్గరికి పోయాయి. యంత్రంలో కరెంటు పెట్టె, చల్లటి నీళ్ల పైపులు అన్నీ ఎడమవైపే ఉన్నాయి.

"నడినెత్తి వైపు అంచు మీదుగా కొసల్ని ఇవతలికి తెస్తాను" అంది చుట్లక్క.

"తేవచ్చు. కానీ రెండూ ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని రావాలి అక్కా. ఒకదానిలో కరెంటు పోతుంటే ఇంకోదానిలో వస్తుంది. పక్కపక్కనే ఉంటే ఒకదాని బలాన్ని ఒకటి చంపేస్తాయి. మధ్యలో ఎడం ఉందా, మనం ఇంత కష్టపడి అణిచిన సుడిని మళ్లీ లేపుతాయి."

"అతుక్కునే వస్తాయి. కొత్త దంపతుల్లా."

ఇంకో రెండు పొరలకు తీగ పక్కన పెట్టి, మిగిలిన ముక్కను బాబాయి తాడుతో కొలిచాడు. సరిపోతుందా లేదా అన్నట్టుంది. చుట్లక్క తాడును తానే ఇంకోసారి కొలిచి, దారి మార్చి, ఒక వంపు తగ్గించింది. ఇప్పుడు సరిపోతుంది. తీగను తీగకు అతికేటప్పుడు మంట వేడి రాగి వెంట పరుగెత్తి పక్కనున్న పట్టీలను కాల్చేస్తుంది. అందుకే అతుకుకు అటూ ఇటూ తడిగుడ్డ చుట్టి, మంటను దగ్గరికి తెచ్చి, వెండి కలిసిన అతుకులోహం నీళ్లలా జారేదాకా చూసి, చటుక్కున తీసేసింది. తడిగుడ్డ సుయ్యిమంది. పట్టీ చెక్కుచెదరలేదు. రెండో అతుకూ అంతే. బాబాయి మీటరు పెట్టి, ముల్లు చూసి, ఆమెకు టీ తెచ్చిచ్చాడు. ఆయన టీ తేవడమంటే అది సామాన్యమైన విషయం కాదు.

మిగతా రెండు పొరల కాగితాలు పరిచేముందు చుట్లక్క షరతు పెట్టింది. "ప్రతి కాగితం మీదా ముక్కు గీయాలి సారూ. ముక్కు లేని కాగితం నేను ముట్టను."

గీతల సారు బుద్ధిగా ముక్కు గీశాడు. ముక్కు కింద మీసం కూడా పెట్టాడు. అది మీటరు బాబాయి మీసంలా ఉందని అందరూ ఒప్పుకున్నారు, బాబాయి తప్ప.

మూడు పొరలూ అయ్యాయి. గొట్టాన్ని అచ్చులో పెట్టి, గాలంతా లాగేసి, బుడగ మిగలకుండా రెసిన్ నింపారు. అది వేడికి గట్టిపడి అచ్చులోంచి బయటికొచ్చాక, బల్లమీద పరీక్ష చూడటానికి ఆస్పత్రి తరఫున ఆడపడుచు వచ్చింది. వస్తూనే గొట్టం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది.

"వదినా, దీనికి గోళ్లు కత్తిరించావా?"

"దూరితే నీకే తెలుస్తుంది. ముందు నేను."

చుట్లక్క పడుకుంది. గీతల సారు కరెంటు మీట దగ్గర నిలబడ్డాడు. నమ్మకం లేని ఆడపడుచు వదిన కుడి భుజం మీద చెయ్యి వేసి ఉంచింది. పాత గొట్టంలో భుజం ఎగిరిన చోటుకు మీట వచ్చింది.

"ఎలా ఉంది?"

"ఏమీ లేదు. పెంచండి."

పెంచాడు. చుట్టూ అయస్కాంతం లేదు కాబట్టి దడదడ లేదు, సన్నటి గుయ్యిమనే చప్పుడే. చుట్లక్క కళ్లు మూసుకుంది. ఒంట్లో ప్రతి నరాన్నీ పేరుపేరునా పలకరించి చూసుకుంది. ఏదీ పలకలేదు.

"పూర్తి వేగం అక్కా" అన్నాడు గీతల సారు.

"నిజంగానా? ఇదేనా పూర్తి?"

"ఇదే."

భుజం మీది ఆడపడుచు చెయ్యి గట్టిగా నొక్కింది. "కదల్లేదు వదినా. నీ భుజం కదల్లేదు."

"ఇంకాస్త పెంచండి, దీని హద్దెక్కడో చూద్దాం" అంది చుట్లక్క. అనుమతి ఉన్నంతలో ఇంకొంచెం పెంచాడు. అప్పుడు చెంప మీద ఒక్క చీమ, అదీ దారి తప్పిన చీమలా, పాకి ఆగిపోయింది. "ఇదిగో, ఇక్కడ వచ్చింది. రాసుకోండి" అని నవ్వుతూ బయటికొచ్చింది.

తర్వాత ఆడపడుచు పడుకుంది. ఆమెను కూడా పూర్తి వేగం దాకా తీసుకెళ్లారు. చాలాసేపటికి లోపల్నుంచి, "ఎంతసేపు? ఎప్పుడు ఆన్ చేస్తారు?" అని విసుగు వినబడింది. గీతల సారు పైకప్పు చూడటం మరిచిపోయి, నేల మీద కూర్చుండిపోయి నవ్వాడు. చుట్లక్క నవ్వుతూనే కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

గొట్టాన్ని ఆస్పత్రిలో బిగించడానికి వెళ్లినప్పుడు అయస్కాంతం గది గుమ్మం దగ్గర ఆడపడుచు చెయ్యి అడ్డం పెట్టింది. అది ఆమె రాజ్యం. కత్తెర, చాకు, జడపిన్నులు, అన్నీ బయట పళ్లెంలో పెట్టించాకే వదినను లోపలికి రానిచ్చింది. బిగించడం, కొసలు కలపడం, నీళ్ల పైపులు తగిలించడం, అన్నీ అయ్యాయి. చుట్లక్క ప్రతి మరనూ వేలితో తడిమి చూసింది. మూత వేశాక ఇక రాగి కనబడదు, ఆమె పని కనబడదు. తెల్లటి నున్నటి గొట్టం మాత్రమే మిగిలింది.

"మూత కూడా నువ్వే బిగించు వదినా" అంది ఆడపడుచు, ఈసారి మెల్లగా.

చుట్లక్క చివరి మర బిగించి, అయస్కాంతం లాగని ఇత్తడి పానాను ఆడపడుచు అరచేతిలో పెట్టింది. "ఇక నీది."

"నాదే. పద పద, బయటికి నడు. మొదటి పేషెంటు వచ్చేశాడు."